ఏటేటా తవ్విన గుంత

ఆ రోజుల్లో, అంటే నేను నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ రెండో ఏడు చదివే రోజుల్లో, దేశం నా కోసమే ఎదురుచూస్తోందని నాకు గట్టి నమ్మకం. (ఆ సంగతి దేశానికి ఎవరూ చెప్పినట్టు లేరు.) కాలేజీ సేవా శిబిరానికి పేర్లు ఇమ్మంటే అందరికంటే ముందు ఇచ్చింది నేనే. కొంత సేవాభావం, పీజీ సీటుకు ఆ సర్టిఫికెట్ కలిసొస్తుందన్న భావం మరికొంత. ఏది ఎంత అని మాత్రం అడక్కండి. తిమ్మాజిపేట దగ్గర ఒక ఊళ్లో వారం రోజుల శిబిరం. బళ్లో పడక, ఊరివాళ్లు పంపే జొన్నరొట్టె, పచ్చిపులుసు. దానికి శ్రమదానం అని పేరు. మా శ్రమ కంటే వాళ్ల దానమే ఎక్కువని రెండో రోజుకే తేలిపోయింది.

మమ్మల్ని తీసుకొచ్చిన లెక్చరర్‌కు మేం పెట్టుకున్న పేరు ఫ్లెక్సీ సార్. ఆయన చాయ్ తాగుతున్నా వెనకాల శిబిరం బ్యానర్ ఉండాల్సిందే. మనిషి మంచివాడే, కాకపోతే మేం చేసిన సేవ కంటే ఫోన్‌లో సేవ్ చేసిన ఫొటోల మీద ఆయనకు గురి ఎక్కువ. ఆ ఊళ్లో మా పని బోరింగు పక్కన ఇంకుడుగుంత తవ్వడం. బోరింగు కొట్టినప్పుడల్లా పారే నీళ్లు ఎదురుగా ఉన్న మట్టిగోడల ఇంట్లోకి పోతున్నాయి, ఆ ఇంట్లో ఒక అవ్వ ఒక్కతే ఉంటుంది. సార్ కాలితో నేల తొక్కి చూసి, "ఇక్కడ తవ్వండి, మన్ను మెత్తగుంది" అన్నాడు. నేనూ, డోజర్ అని మేం పిలుచుకునే బక్కపలచని క్లాస్‌మేటూ గడ్డపారలు అందుకున్నాం. అరగంటలో మోకాలి లోతు! మా కండలను మేమే మెచ్చుకుంటుండగా అవ్వ గడపలోంచి లేచొచ్చింది.

"ఏంది బిడ్డా, మల్లొచ్చిండ్రా? ముందటేడు గీన్నే తవ్విండ్రు, పోయినేడు గీన్నే తవ్విండ్రు. మీ సారు గిండ్ల ఏమన్న పోగొట్టుకున్నడా?"

మన్ను మెత్తగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఏటా శిబిరం వస్తుంది, గుంత తవ్వుతుంది, చివరి రోజు అతిథితో ఫొటో దిగుతుంది. రాళ్లు నింపడానికి టైం ఉండదు, తెరిచి వదిలేస్తే పిల్లలు పడతారు. కాబట్టి తవ్విన మన్నే మళ్లీ పోసి, అందరూ బస్సెక్కుతారు. నీళ్లు మాత్రం యథాప్రకారం అవ్వ ఇంటికి పోతాయి. ఆ ఏడు గోడ అడుగు నానిపోయి, చేత్తో తాకితే రాలుతోంది. "ఇంకో వానకాలం ఆగదు బిడ్డా గిది" అంది. అని ఊరుకోకుండా నా వైపు తిరిగి, "గడ్డపారను గట్ల అగరొత్తి లెక్క పట్టుకుంటరా పోరీ! చేతులతోటి కాదు, నడుముతోటి ఎయ్యాలె. ఇటియ్యి" అని లాక్కుంది. పెళ్లయినప్పటి నుంచి బొంబాయి దిక్కు, గుజరాతు దిక్కు డ్యాములూ కాలువలూ తవ్వొచ్చిన మనిషి. సేవ చేయడానికి వెళ్లిన మేం మిగతా రోజులన్నీ ఆమె దగ్గర చదువుకున్నాం. (హాజరు నూటికి నూరు శాతం. అరచేతుల బొబ్బలే సంతకాలు.)

చివరి రోజు అతిథి వచ్చాడు, నవ్వాడు, వెళ్లాడు. సార్ బ్యానర్ చుడుతూ, "ఇగ పూడ్చేయండి, బస్సు టైమైంది" అన్నాడు. అవ్వ కొంగు నడుముకు చెక్కుకుని గుంతలోకి దిగి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"పూడ్సు సారూ. నన్నుగూడ కలిపి పూడ్సు."

"అవ్వా, జర బయటికి రా. ఎవరన్న పడితే నా నౌకరి మీదికొస్తది."

"రాళ్లేస్తె ఎవరు పడరు. మేం తవ్విన కాలువలల్ల ఇప్పటికి నీళ్లు వారుతున్నయ్. ఒక్కటన్న గిట్ల పూడ్సినమా?"

సార్ పరేషానై, "నువ్వు చెప్తే వింటదమ్మా, పైకి తీసుకురా" అని నన్ను పంపాడు. నేను అంచు మీద నిలబడి చెయ్యి అందించబోయాను. కాలు జారింది. దభీమని అవ్వ పక్కన కూలబడ్డాను. పైనుంచి డోజర్ దాన్ని నిరసన అనుకుని, "పూడ్చనియ్యం!" అని అరిచాడు. పడడం పొరపాటే, ఒప్పుకుంటాను. లేవకపోవడం మాత్రం నా నిర్ణయమే.

"లే! లేకుంటే నీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టను" అన్నాడు సార్.

నా పీజీ సీటు కళ్ల ముందు ఒక్కసారి తిరిగింది. పక్కకు చూస్తే అవ్వ ఇంటి గోడ కనిపించింది. "పెట్టకుంటే పెట్టకండి సార్. రాళ్లు పడేదాకా నేను లేవను" అన్నాను.

తర్వాత అంతా గలభా. డోజర్ దిగాడు, వాడి వెనక ఇంకో నలుగురు. మిగతావాళ్లు చేలగట్ల మీద రైతులు ఏరి కుప్పపోసిన రాళ్లు అడిగి మోసుకొచ్చారు. గుంతలోంచి లేచిన అవ్వ మేస్త్రీ అయింది. "పెద్దయి కింద, చిన్నయి మీద! ఓ బక్కపిల్లగా, నువ్వు రాయి మోస్తున్నవా, రాయి నిన్ను మోస్తున్నదా?" చూస్తూ నిలబడిన సార్ కాసేపటికి చొక్కా చేతులు మడిచి తానూ ఒక రాయెత్తాడు. (ఫొటో తీసేవాళ్లే లేరు. ఆయన సేవ చేసిన ఒకే ఒక్క క్షణానికి సాక్ష్యం లేకుండా పోయింది.) పైన ఇసుక పరిచి, బోరింగు కొట్టి చూశాం. నీళ్లు గడప దాకా పోకుండా గుంతలోనే ఇంకిపోయాయి. అవ్వ బ్యానర్ వైపు చెయ్యి చాపింది. "అదిటియ్యి సారూ, కోళ్లగూటికి కప్పుకుంట." ఇచ్చేశాడు.

సర్టిఫికెట్లు అందరికీ వచ్చాయి, నాకు తప్ప. సార్ మాట మీద నిలబడే మనిషి. నేనూ వెళ్లి అడగలేదు. పీజీ సీటు ఆఖరి జాబితాలో, అదీ గద్వాలలో దొరికింది.

ఇప్పుడు నేనూ లెక్చరర్‌నే, సేవా శిబిరం బాధ్యతా నాదే. మొన్న పిల్లలతో వనపర్తి దగ్గర ఒక ఊరికి వెళ్లి, దిగీ దిగగానే కాలితో నేల తొక్కి చూసి, "ఇక్కడ తవ్వండి, మన్ను మెత్తగుంది" అన్నాను. ఒక అమ్మాయి గడ్డపార దించి అడిగింది: "మేడం, గింత మెత్తగ ఎందుకుంది?"

నాలుక కరుచుకున్నాను. ఊరివాళ్లను అడిగితే తెలిసింది, పోయినేడు ఇంకో శిబిరం అక్కడే తవ్వి పూడ్చి పోయిందట. "పెద్ద రాళ్లు ఎక్కడ దొరుకుతయో ముందు కనుక్కో. పూడ్చేది లేదు" అని, ఎట్లా వేయాలో చూపిద్దామని ఆ అమ్మాయి చేతిలోంచి గడ్డపార లాక్కున్నాను. చేతులతో కాదు, నడుముతో. నాలుగు పోట్లు పడ్డాయి. ఐదోదానికి నడుము అడ్డం తిరిగింది.

"మేడం, ఇటియ్యండి" అంది ఆ అమ్మాయి. ఇచ్చేసి, గుంత గట్టున కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. అచ్చం అవ్వలాగే ఉన్నానేమో అనుకున్నాను. గడ్డపారను ఆ అమ్మాయి అగరొత్తిలా పట్టుకుంది.