చిరుత తిన్న నెత్తళ్లు

నూకరాజు పన్నెండేళ్లుగా చేస్తున్న పని చిరుతపులి మలం ఏరడం. ఆ మాట చెబితే జనం నవ్వుతారు. అందుకే రాయపూర్ రైల్వే కాలనీలో ఎవరడిగినా ఫారెస్టు వైపు పని అనేవాడు. తండ్రి పలాస నుంచి రైల్వేలో ఖలాసీగా వచ్చాడు. కొడుక్కి రైల్వే దొరకలేదు, మా వన్యప్రాణి ల్యాబ్‌లో దినసరి మనిషిగా కుదిరాడు. నేను అక్కడే కంప్యూటర్‌లో అంకెలు ఎక్కించేవాణ్ణి.

రాయపూర్ పక్కన మందిర్ హసౌద్ ఊరు దాటాక పాత రాతి క్వారీల వెంట నడవాలి. మలం కనిపిస్తే చేతులకు తొడుగులు వేసుకుని చిన్న సీసాలోకి తీయాలి. జంతువు ఏం తిన్నదో దాని డీఎన్‌ఏ అందులో కొంత మిగిలి ఉంటుంది. ల్యాబ్ దాన్ని చదివి తిన్నది కుక్కో పందో చెబుతుంది. చదివేవాళ్లకు ఏసీ గది, ఏరేవాడికి ఎండ.

2019 వేసవిలో అక్కడి ఊళ్లలో మేకలు మాయమయ్యాయి. చిరుతే తింటోందని, బోను పెట్టి పట్టుకెళ్లాలని ఊరివాళ్లు పట్టుబట్టారు. తేల్చే పని మాకు వచ్చింది. ల్యాబ్‌లో సైంటిస్టు బిందుమాధవి భిలాయి స్టీల్ ప్లాంటు వాళ్ల అమ్మాయి. నూకరాజు తెచ్చిన పదహారు సీసాలనూ ఆమే పరీక్షించింది. కుక్కలు, అడవి పందులు, కుందేళ్లు తేలాయి. మేక ఒక్కదాంట్లోనూ లేదు. కానీ పన్నెండింట్లో సముద్రపు చేప ఉంది.

మీటింగులో ఫారెస్టు అధికారి, చిరుత విశాఖ ప్యాసింజర్ ఎక్కి వచ్చిందా అని హిందీలో అడిగాడు. అందరూ నవ్వారు. తర్వాత ఆయన నవ్వకుండా, చేప సంగతే తప్పయితే మేక లేదన్న మాట ఎలా నమ్మాలన్నాడు. సోమవారం బోను పెడతామన్నాడు.

బిందుమాధవి తిరిగొచ్చి మిషన్‌లో తప్పేమో అని రెండుసార్లు చూసింది. టీ తెచ్చిన నూకరాజు గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు.

"చేప లేని నాలుగూ ఏ రోజువమ్మా?"

ఆమె సీసాల మీది తేదీలు చూసింది. "నాలుగూ శనివారాలే బాబాయ్."

"అయితే ఆ చేప చిరుతది కాదమ్మా. నాది."

పలాస నుంచి వాళ్ల బావమరిది రైల్లో ఎండు నెత్తళ్లు, సముద్రపు చిన్న చేపలు, పంపిస్తాడు. రోజూ క్యారియర్‌లో అవే. క్యారియర్, తొడుగులు ఒకే సంచిలో పెట్టుకుంటాడు. క్వారీ నీడలో తిని, చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని తొడుగులు తొడుగుతాడు. శనివారం వెంకన్న ఉపవాసం. నీచు తగలకూడదని శుక్రవారం సాయంత్రమే భార్య దాలమ్మ సంచీ తువ్వాలూ ఉతికేస్తుంది. పాత తొడుగులు పారేసి కొత్తవి పెడుతుంది. ఆ రోజు క్యారియర్ ఉండదు.

బిందుమాధవి చేతిలో సీసా కింద పెట్టింది. "చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు నీ ఉద్యోగం పోతే?"

"గలతీ నాది. తిన్నది నాను, బోనులోకి అదెళ్తాదా?"

ఆమె ఆ నాలుగు శనివారాల సీసాలే మళ్లీ మొదటి నుంచి పరీక్షించింది. కుక్క, పంది, కుందేలు. మేక లేదు. అధికారి నెత్తళ్ల సంగతి విని, కాగితాలు తిరగేసి, బోను వద్దని సంతకం పెట్టాడు.

నూకరాజును తీసేయమని ల్యాబ్ పెద్దాయన అన్నాడు. బిందుమాధవి ఒప్పుకోలేదు. చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. వారమంతా అతను లోపల సీసాలు కడగాలి. శనివారం మాత్రం క్వారీలకు వెళ్లొచ్చు.

రిపోర్టు అచ్చయింది. అందులో తొమ్మిదిమంది పేర్లున్నాయి, నేను ఎక్కించినవే. నూకరాజు పేరు లేదు. చేర్చమని నేను అడిగితే దినసరి వాళ్ల పేర్లు వేయరన్నారు. నాలుగో పేజీలో మాత్రం, శనివారం సేకరించిన నమూనాలనే లెక్కలోకి తీసుకున్నామని ఒక వాక్యం ఉంది. ఎందుకో రాయలేదు.

ఆ వాక్యాన్ని అతనికి తెలుగులో చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చదవమన్నాడు. విని, "సాలు" అని, తడి చేతులు తుడుచుకోకుండానే సీసాల దగ్గరికి వెళ్లిపోయాడు.