గొర్ల సూది

నల్లగొండలో నేను నర్సుగా చేసిన దవాఖానలో కొత్తగా ఒక కాగితం పెట్టారు. ఆపరేషన్ వార్డుకు ఎవరొచ్చినా మంచం ఇచ్చే ముందు అయిదు ప్రశ్నలు అడగాలి. ఏడాదిలో ఏ దవాఖానలోనైనా పడుకున్నారా, మూడు నెలల్లో యాంటీబయాటిక్ సూదులు, గోలీలు వాడారా, మానని పుండు ఉందా, ఇలాంటివి. మందులకు లొంగని క్రిములను ఒంట్లో మోసుకొచ్చేవాళ్లను గుమ్మంలోనే పసిగట్టాలని ఆ ఏర్పాటు. రెండింటికి అవునంటే విడిగదిలో ఉంచి పరీక్షకు పంపాలి. లేకపోతే అందరి మధ్యా మంచం. ఆ కాగితం నింపడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు మహా గర్వం. అబద్ధమాడేవాళ్లను మొహం చూసి పట్టేస్తానని తోటి నర్సుల దగ్గర గొప్పలు పోయేదాన్ని.

ఒకరోజు మర్రిగూడ వైపు నుంచి ఒక ముసలవ్వ వచ్చింది. గొర్లు కాసే ఇంటి మనిషి. పాదం మీద పుండు చీముపట్టి వాచిపోయింది.

"అవ్వా, గీ మూడు నెలల్ల సూదులేమన్న పడ్డయా?" అని అడిగాను.

"లేదు బిడ్డా. ఏ డాక్టరు మొకం జూడలే. పసరు కట్టుకున్న, గంతే."

ఆమె కళ్లలో అబద్ధం లేదు. నిజంగానే లేదు, అదే నా ఖర్మ. పుండుకు ఒక్క అవును రాసి, కిటికీ దగ్గరి మంచం ఇచ్చాను. పక్క మంచంలో పేగు ఆపరేషన్ అయి నాలుగు రోజులైన పడుచు పిల్ల ఉంది. కుట్లు ఇంకా పచ్చివే. రెండేళ్ల కూతురిని తల్లి దగ్గర వదిలి వచ్చి, ఫోన్లో దాని ముద్దుమాటలు విని రోజూ కళ్లు తుడుచుకునేది.

ఇద్దరికీ నేనే కట్లు మార్చాను. మూడో రోజుకు అవ్వ పుండు తగ్గకపోగా ఇంకా లోతుకు పోయింది.

"ఏం పుండు అవ్వా ఇది, ఏ మందుకూ ఇనదు!" అని విసుక్కున్నాను.

"గదే గద బిడ్డా. గొర్లకేసే సూదికి గూడ ఇన్లే. రెండు నెల్ల సంది నేనే ఏసుకుంటున్న, గీ తొడకు."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. "నేనడిగితే లేదన్నవు గదా!"

"నువ్వు మనుషుల సూదులు అడిగినవు. గది గొర్ల మందు."

ఏమీ తెలియని దానికి చెప్పినట్టు ఓపికగా చెప్పింది. గొర్ల గిట్టలు కుళ్లితే వేసే యాంటీబయాటిక్ అది. మందకు వేసీ వేసీ చేయి తిరిగిన మనిషి, తనకూ వేసుకుంది.

అవ్వ కట్టు మార్చి ఆ పిల్ల మంచం దగ్గరికి పోయే ముందు, మూడు రోజులూ చేతులు సరిగా కడుక్కున్నానా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. అవ్వను విడిగదికి మార్చి, అవ్వ పుండు నుంచీ, ఆ పిల్ల కుట్ల నుంచీ చీము, నీరు తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేలోపే ఆ పిల్ల ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. "అక్కా, చలి పెడ్తాంది" అంటుంటే దుప్పటి కప్పాను, కానీ కళ్లలోకి చూడలేకపోయాను.

ఇద్దరిలోనూ ఒకే క్రిమి. అవ్వ నుంచే అంటిందని గట్టిగా చెప్పలేమన్నారు డాక్టరు సారు. నాకు మాత్రం అనుమానం లేదు. ఇక పనిచేసే మందు ఒక్కటే మిగిలిందని ఆయనే చెప్పారు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఒక సాయంత్రం ఆ పిల్ల ఫోన్ పట్టుకునే ఓపిక కూడా లేక, నన్ను చెవి దగ్గర పెట్టమంది. అవతల పాప "అమ్మా, అమ్మా" అని పిలుస్తూనే ఉంది. ఆమె పలకలేదు.

ఆ రోజుల్లోనే కాగితం అడుగున పెన్నుతో ఆరో ప్రశ్న రాశాను: మీ గొర్లకు, బర్లకు వేసే మందు మీరు వేసుకున్నారా? అడగ్గానే చాలామంది ఎంత మామూలుగా తలూపేవారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అవ్వ పుండు మాని తన మంద దగ్గరికి పోయింది. ఆ పిల్ల నెల దాటాక లేచింది. ఇంటికి పోయే రోజు నా రెండు చేతులూ పట్టుకుని, "నీ చేతులే నన్ను బతికిచ్చినయ్ అక్కా" అని కళ్లకద్దుకోబోయింది. చటుక్కున వెనక్కి లాక్కున్నాను. నోరు తెరిచి నిజం చెప్పే ధైర్యం చాలలేదు. మొహమాటపడుతున్నాననుకుని ఆమె నవ్వింది.