పడవ ముందు మనిషి

కిచెనర్‌లో మా ఆఫీసు మెట్లు రాతివి. వాన వెలిసిన ఉదయం వాటి మీద నుంచి తడిరాతి వాసన వస్తుంది. ఆ వాసనకు నాకు నరసింహం గారు గుర్తొస్తారు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన జియాలజిస్టు. చదువు కోసం ఈ దేశం వచ్చిన కాలేజీ రోజుల్లో స్కార్‌బరోలో వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉండేదాన్ని. చదివేది డేటా అనలిటిక్స్; ఫోన్లో డేటా మాత్రం నెల సగంలోనే నిండుకునేది. వైఫై పాస్‌వర్డ్ కోసం పైకి వెళ్ళిన నన్ను ఆయన రంగంలోకి కాదు, రంగుల్లోకి దించారు.

ఉత్తరాన సరస్సుల ఒడ్డు కొండల మీద, అక్కడి ఆదివాసుల పూర్వీకులు ఎర్రమట్టితో వేసిన బొమ్మలున్నాయి. వాళ్ళ అనుమతితో ఆయన ఏళ్ళ తరబడి పడవలో తిరిగి వాటిని ఫోటోలు తీశారు. కంటికి అవి తుడిచేసిన మరకలే. రాతి రంగుకూ బొమ్మ రంగుకూ మధ్యనున్న పిసరంత తేడాను కంప్యూటర్లో సాగదీస్తే, మరకలోంచి దుప్పి కొమ్ములు లేచేవి. అది చూశాక నాకు ప్రతి రాతిలోనూ దుప్పులే.

"ఇదేంటమ్మాయ్?"

"దుప్పి, అంకుల్."

"తుప్పు. రాతిలో ఇనుముంటది, పగులులోంచి నీళ్ళతో కారింది. ఎరుపు ఎక్కడ మొదలైందో చూడకుండా దానికి పేరు పెట్టకు. ఇట్టా లాగితే మా బాత్రూం గోడ మీద ఐరావతం కూడా కనపడుద్ది."

ఒక వసంతంలో మంచు దెబ్బకు కొండచరియ ఒకటి విరిగి సరస్సులో పడింది. దాని మీద పడవ బొమ్మ ఉండేది. మిగిలింది ఆయన తీసిన ఒక్క ఫోటో. ఆ ఒడ్డున ఆదివాసుల ఊరి పెద్దావిడ ఫోన్ చేసింది: పడవ ముందు ఒక మనిషి నిలబడి ఉండేవాడని వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట; ఫోటోలో ఉన్నాడా, బడిపిల్లలకు చూపించాలి అని.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. రంగులు సాగదీయగానే తెర మీదికి పడవ వచ్చింది. ముందు భాగాన నిలువుగా ఒక ఎర్రగీత.

"అదిగో, నుంచున్నాడు" అంటూ ఆయన కుర్చీలోంచి లేచారు.

నేను గీత వెంట పైకి పోయాను. పోయి పోయి పగులులో తేలాను.

"అంకుల్, తుప్పు."

"మళ్ళీ చూడు."

"తుప్పే అంకుల్."

"ఆవిడకి ఎనభై దాటాయమ్మా. ఉన్నాడంటే మనకేం పోయింది?"

"మీరే చెప్పండి, ఎక్కడ మొదలైందో" అని మౌస్ ఆయన వైపు జరిపాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, స్క్రీన్ మీద వేలితో గీతను తడుముతూ పైదాకా వెళ్ళారు. కాసేపు వేలు అక్కడే ఉంచారు. తర్వాత ఫోన్ స్పీకర్లో పెట్టి, పడవ ఉందని, మనిషి తమకు కనిపించలేదని ఆవిడకు ఇంగ్లీషులో చెప్పారు.

అటునుంచి నవ్వు వినిపించింది.

"మా అమ్మమ్మ చూసింది కదా. మీ కెమెరాయే ఆలస్యంగా వచ్చింది. పడవ పంపండి. మనిషి సంగతి పిల్లలకు నేను చెప్పుకుంటాను."

ఆయన వెళ్ళి నాకు టీ పెట్టుకొచ్చారు. చక్కెర మరిచిపోయారు. నేను అలాగే తాగేశాను.

ఇప్పుడాయన లేరు. నా ఉద్యోగం యంత్ర భాగాల ఫోటోల్లో పగుళ్ళు వెతకడం. పగుళ్ళు నన్ను వదిలేలా లేవు. ఏమీ దొరకనప్పుడు రిపోర్టులో "పగులు లేదు" అని రాయమంటాడు మా మేనేజరు. నేను "కనిపించలేదు" అని రాస్తాను. రెండూ ఒకటే కదా అంటాడు. కావని చెప్పి, ఆ ఫోటో ఇంకోసారి తెరుస్తాను.