గేటు పక్కన నీలం డ్రమ్ము

మా గేటు పెద్దాయన పోయారు. ఆ కబురు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చూశాను. "ముసలి గార్డు వయసు మీద పడి చనిపోయాడు. రేపటి నుంచి కొత్త మనిషి వస్తాడు." కింద చేతులు జోడించిన బొమ్మలు. ఆ కిందే లిఫ్టు ఆగిపోయిందని ఫిర్యాదు.

వయసట. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో, ఫ్యాన్ లేకుండా, మెడదాకా గుండీలు పెట్టించి కూర్చోబెట్టి, పోతే వయసు మీద తోసేశాం. దవాఖానలో వడదెబ్బ అన్నారని ఆయన కోడలు నాతో చెప్పింది. ఎండలు ముదురుతున్నాయని మనకు తెలియదా? తెలుసు కాబట్టే గదికో ఏసీ పెట్టించుకున్నాం. వాటి వేడిగాలి ఎవరి మొహాన కొడుతుందో మాత్రం చూడం.

ఆయన నానక్‌రామ్‌గూడ పాత ఊరి మనిషి. గార్డు కాకముందు మా భవనాల వెనక చెరువులో చేపలు పట్టేవారు. చెరువు సగం టవర్ల కింద పోయింది. మిగతా సగంలోకి మన మురుగు పోయింది. వల అటకెక్కింది. అయినా డ్యూటీ దిగాక రోజూ గట్టు మీదికి వెళ్లి, జ్వరం వచ్చిన పిల్ల ఒళ్లు చూసినట్టు నీళ్లలో చేయి పెట్టి చూసేవారు.

"నీళ్లు కాగినయి సారూ. గిట్లయితే చేపకు దమ్మాడదు. పైకొచ్చి నోరు తెరుస్తది."

సముద్రం వేడెక్కడం మీద నేను రాసిన వ్యాసం ఒకసారి ఆయనకు చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నారు. "మంచిగుంది. సముద్రం జర దూరం గద సారూ. మన చెరువు గురించి ఎప్పుడు రాస్తరు?"

ఆయన పోరాటమంతా ఒక నీలం డ్రమ్ము కోసం. ఇక్కడ ఉద్యోగం మారితే ఫ్లాటు మారుతుంది, ఫ్లాటు మారేటప్పుడు అక్వేరియం అడ్డమవుతుంది. చేపల్ని పారేయడానికి మనసొప్పదు. కవర్లో పోసుకెళ్లి చెరువులో వదిలి, పిల్లలతో టాటా చెప్పించి, పుణ్యం చేశామనుకుంటాం. అద్దానికి అతుక్కుని పాచి తినే నల్ల చేప ఉంటుంది చూడండి, ఆ కాగిన మురుగునీళ్లలోనూ అది బతికేస్తుంది. చెరువులో మిగిలిన బొచ్చె, రవ్వ చేపల గుడ్లు తినేస్తుంది. పెద్దాయన దాన్ని దయ్యం చేప అనేవారు. అందుకే గేటు పక్కన డ్రమ్ములో నీళ్లు పట్టి ఉంచి, సామాన్ల బండి కనబడితే ఎదురెళ్లేవారు. "అమ్మా, చేపలుంటె చెరువుల పొయ్యకుండ్రి. నాకియ్యుండ్రి."

మా అమ్మాయి చేపల్ని నేనూ అలాగే వదిలాను, చప్పట్లు కొట్టి మరీ. చాలా రోజులకు ఆయన దగ్గర ఒప్పుకున్నాను.

"నల్లది ఉండెనా?"

"ఉంది."

"ఎన్ని?"

"రెండు."

 ఆయన నవ్వారు. "ఒక్కటైతే ఫికర్ లేకుండె సారూ."

కిందటి నెల మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి డ్రమ్ము తీసేయమన్నారు. దోమలొస్తాయండీ, చూడ్డానికీ బాగుండదండీ అని సమావేశంలో మా అందరికీ చెప్పారు. "చేపలుంటె దోమలెట్లొస్తయి? దోమపిల్లల్నే గద అవి తినేది" అని తలుపు దగ్గర నిలబడి పెద్దాయన అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. నేను మాట్లాడదామని లేచాను. ఇంతలో పార్కింగ్ గొడవ మొదలైంది. కూర్చున్నాను. పత్రికల్లో లోకాన్నంతా కడిగేసే మనిషిని, పది మంది పొరుగువాళ్ల ముందు ఒక డ్రమ్ము కోసం నోరు విప్పలేకపోయాను. అందులోని చేపల్ని ఆయన బిందెలో పోసుకుని ఇంటికి పట్టుకెళ్లారు. డ్రమ్ము జనరేటర్ వెనక బోర్లా పడింది.

ఆయన పోయిన మూడో రోజు ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకమ్మాయి చేపల కవరు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. "ఇక్కడ తాత ఉండాలి కదండీ?"

"చెరువు ఎన్కనే ఉంది మేడం" అన్నాడు కొత్త గార్డు.

కవరు నేను తీసుకున్నాను. డ్రమ్ము దొర్లించుకొచ్చి, కడిగి, పాత చోటే పెట్టి, నీళ్లు నింపి, చేపల్ని అందులో వదిలాను. ఇక దాన్ని ఎవరు తీయాలన్నా ముందు నాతో మాట్లాడి తీయాలి.

మధ్యాహ్నం నీళ్లలో చేయి పెట్టి చూశాను. కాగాయి. అడుగున నల్ల చేప డ్రమ్ముకు అతుక్కుని నిమ్మళంగా ఉంది. పైన ఒక చిన్న ఎర్ర చేప నోరు తెరుస్తోంది.