పక్క కుట్లలో వదిలిన గుడ్డ

మా మేనత్త పోయిందన్న కబురు అందేసరికి నేను మద్దిలపాలెం జంక్షన్లో ఒక జిరాక్సు షాపు ముందు నిలబడి ఉన్నాను. ఆఫీసుకి వెళ్ళేముందు దళసరి కాగితం కట్ట ఒకటి కొందామని ఆగాను. ఆ కాగితం అత్త తెమ్మన్నదే. వచ్చే దసరాకి మావయ్యకి కూడా ఒక కవచం చెయ్యాలని ఆవిడ పట్టుదల. ఫోన్ చేసింది నాన్న. "అత్త ఎల్లిపోయిందమ్మా. గాజువాక వచ్చీ" అన్నాడు. షాపతను అప్పటికే కట్టకి దారం చుట్టేశాడు. డబ్బులిచ్చి తీసుకున్నాను. దాన్ని ఒళ్ళో పెట్టుకునే బస్సులో కూర్చున్నాను.

కవచమేమిటి, కాగితమేమిటి అని మీరు అడుగుతారు. చెబుతాను. ముందు అత్త సంగతి చెప్పాలి.

మా అత్త లేడీస్ టైలరు. ఎలమంచిలి దగ్గర మా పల్లె నుంచి పెళ్ళయి గాజువాక వచ్చింది. మావయ్య పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఇంటి ముందుగదే ఆవిడ షాపు. మెడలో టేపు లేకుండా ఆవిడని నేను చూసింది తక్కువ. అన్నం వడ్డించేటప్పుడు కూడా ఆ టేపు కొస పప్పుగిన్నెలో మునుగుతూ ఉండేది. అయితే ఆ టేపు వాడకం మాత్రం అంతంతే. జాకెట్టు కుట్టించుకోడానికి ఎవరొచ్చినా ముందు ఆది అడిగేది. మీ ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి వెళ్తే, దాని మీద పెట్టి కొత్తది కత్తిరిస్తారు కదా, ఆ ఆది. "టేపు ముందర అందరూ ఊపిరి బిగబట్టీసి నిలబడతారు. ఆది జాకెట్టు అబద్ధమాడదు" అనేది.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఎంత ఖరీదైన గుడ్డయినా పక్క కుట్లలో లోపలికి గుడ్డ వదిలేది, ఒకదాని పక్కన ఒకటిగా కుట్లు వేసేది. ఒళ్ళు చేస్తే ఒక కుట్టు విప్పుకోవచ్చు, తగ్గితే ఒక కుట్టు వేసుకోవచ్చు. లోపల ఎత్తుగా ఉంది, కత్తిరించెయ్యమని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. "మనిషన్నాక నిండుతాది, తగ్గుతాది. గుడ్డకి ఆ సంగతి తెలియాల" అనేది.

ఇక నా సంగతి. నాకు వేషాల పిచ్చి. వీడియో గేముల్లో ఉండే వీరుల్లా తయారై పోటీలకి వెళ్ళేవాళ్ళని మీరు చూసే ఉంటారు. వాళ్ళు దాన్ని కాస్‌ప్లే అంటారు, మా అమ్మ పగటివేషాలంటుంది. కవచాలు ఇనుముతో కాదు, కాగితంతో చేస్తాం. నమూనా నెట్‌లో దొరుకుతుంది. దాన్ని దళసరి కాగితం మీద ముక్కలుగా అచ్చు తీసి, కత్తిరించి, గీతల వెంట మడిచి అంటిస్తే ఛాతీ కవచం, భుజాల రేకులు, పిక్కల తొడుగులు తయారవుతాయి. లోపల మైదా జిగురుతో న్యూస్‌పేపరు పొరలు వేసి ఆరబెట్టి, పైన రంగు వేస్తే, ఇత్తడో కాదో వేలితో తట్టి చూడాల్సిందే. చిక్కల్లా కొలత దగ్గరే వస్తుంది.

మొదటిసారి నేను కంప్యూటర్లో నా ఎత్తు కొట్టాను. అది బుద్ధిగా కవచం మొత్తాన్ని నా ఎత్తుకి కుదించింది. పొట్టిమనిషి కాబట్టి సన్నగా కూడా ఉంటుందని దాని లెక్క. నా ఒంటి లెక్క వేరు. వారాల తరబడి కత్తిరించి అంటించిన కవచం నా ఛాతీ మీద పళ్ళెంలా నిలబడింది తప్ప వెనక ముక్కతో కలవలేదు. ఏడుపు మొహంతో దాన్ని సంచిలో వేసుకుని అత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దాన్ని ముందు పక్క, వెనక పక్క తిప్పి చూసింది.

"పొడుగు సూసి జాకెట్టు కుడతారేటే కోడలా ఎక్కడైనా?" అంది. "పొడుగు లంగాకి. జాకెట్టుకి సుట్టు."

అక్కడి నుంచి పని తన చేతిలోకి తీసుకుంది. నేను లాప్‌టాప్ ముందు, ఆవిడ కుట్టుమిషను ముందు. నిలువు కొలత ఒకలాగా, చుట్టుకొలత వేరేలాగా మార్చుకోవచ్చని నేను చూపిస్తే కళ్ళద్దాలు సర్దుకుని తెరలోకి చూసి, అయితే నీ ఆది జాకెట్టు తే అంది. మా ఇద్దరికీ అందులో తప్పేమీ కనబడలేదు. జాకెట్టు చుట్టుకొలత ఎంతో కవచం చుట్టుకొలత అంతే పెట్టాం. మళ్ళీ అచ్చు, మళ్ళీ కత్తెర, మళ్ళీ జిగురు. ఆరాక నెత్తి మీంచి తొడుక్కున్నాను. భుజాల దాకా వచ్చి ఆగింది. రెండు చేతులూ పైకెత్తి, మొహం కవచం లోపల, పైకీ కిందకీ రాకుండా ఇరుక్కుపోయాను. సరిగ్గా అప్పుడే మావయ్య టీ గ్లాసులతో లోపలికొచ్చాడు. నన్ను చూసి, గ్లాసులతోనే వెనక్కి వెళ్ళిపోయాడు. అత్త పెద్ద కత్తెర తెచ్చి పక్కన నిలువునా కత్తిరించి నన్ను బయటికి తీసింది.

తరవాత ఆ ముక్కల్ని ఒళ్ళో పెట్టుకుని అంచులు వేళ్ళతో వంచి చూసింది. "గుడ్డ మన మాటింటాది. కాగితం ఇనదు. ఆ సంగతి నాకే తట్టలేదు సూడు" అని, నా గాజుల చెయ్యి పట్టుకుని తిప్పింది. "గాజుండేది మణికట్టు మీదే. కానీ కొలత పిడికిలిది."

అంటే కవచం ఒంటి మీద ఎక్కడ ఆగుతుందో అక్కడ కాదు, ఎక్కడి నుంచి దూరాలో అక్కడ కొలవాలి. పిక్కల తొడుగుకి మడమ, చేతి తొడుగుకి పిడికిలి. ఛాతీ కవచానికయితే అలా కొలిస్తే డప్పులా ఉంటుంది కాబట్టి, పక్కన చీల్చి తాళ్ళతో కట్టుకునేలా చేద్దామంది. ఒంటికీ కాగితానికీ మధ్య చుట్టూ వేలు దూరేంత సందు వదిలించింది. పక్కల్లో, తాళ్ళ కింద, లోపలికి మడిచిన కాగితప్పట్టీ కూడా పెట్టించింది. కవచానికి కూడా పక్క కుట్లలో గుడ్డ వదలాలన్నమాట.

ఇక మొత్తం అచ్చు తియ్యడానికి ముందు ఒక పరీక్ష. న్యూస్‌పేపరు పట్టీ ఒకటి ఆ కొలతకి కత్తిరించి నా ఛాతీ చుట్టూ అంటించేది. కూర్చోమనేది, వంగమనేది, చివరికి మా నాన్న చిన్నప్పుడు ఎద్దుకి భయపడి గడ్డివాము ఎక్కి అక్కడే నిద్రపోయిన కథ చెప్పి నన్ను నవ్వించేది. పట్టీ టప్పున తెగితే ఇంకొంచెం పెంచమనేది. "నవ్వితే తెగిందంటే అది నీ కొలత కాదు." ఒంటి గురించి ఇంత మంచి మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి బట్టల షాపులోనూ తగ్గమనే చెప్పారు. ఆవిడ మాత్రం పట్టీనే పెంచింది.

ఆ కవచం తొడుక్కుని పోటీకి వెళ్ళాను, బహుమతి రాలేదు, కడుపునిండా బిర్యానీ తిని వచ్చాను. అత్తకి అదే గొప్పగా తోచింది. కొన్నాళ్ళకి, తనకి కూడా ఒకటి చెయ్యమంది. పండగలకి ఊరందరికీ కుట్టి కుట్టి, ఆ పూట తనకి కుట్టుకునే తీరిక లేక పాతదే తొడుక్కోవడం ఆవిడకి మామూలు. ఈసారి దసరాకి తనదే ముందు అంది. ఆవిడ చుట్టూ పట్టీ వేసి నేను నవ్వించాను. మా అత్త మంచి దిట్టమైన మనిషి, నవ్వితే ఒళ్ళంతా నవ్వేది. చాలా పట్టీలు తెగాయి.

ఛాతీ కవచం ఆరి, రంగు వెయ్యడమే మిగిలి ఉండగా ఆవిడకి కడుపులో జబ్బు బయటపడింది. ఆస్పత్రికీ ఇంటికీ తిరగడంలో ఎండాకాలం పోయింది. వానలు మొదలయ్యేసరికి మనిషి సగమయింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని, కత్తెరతో తన జాకెట్ల పక్కల్లో వదిలిన గుడ్డంతా కత్తిరించేస్తోంది. లోపలికి కుట్లు వేసుకుందట, ఆ మిగులు గుడ్డ పక్కటెముకలకి గుచ్చుకుంటోందట. మరీ వదులైనవి చేపలమ్మే ఆవిడకి ఇచ్చేసిందట. మంచం చుట్టూ కింద పీలికలు పడి ఉన్నాయి. ఎవరి జాకెట్టుకీ చెయ్యని పని తన జాకెట్లకి చేసుకుంటోంది. నేను చీపురు తెచ్చి పీలికలు ఊడ్చాను.

ఆ సాయంత్రమే కవచం తొడిగి చూశాం. ఆవిడ అందులో బిందెలో గరిటెలా ఉంది. నేను లాప్‌టాప్ తెరిచి, చుట్టుకొలత తగ్గించి మళ్ళీ అచ్చు తీస్తానన్నాను. అత్త తెర మీద చెయ్యి అడ్డంపెట్టింది.

"నన్ను తగ్గించకే. ఈ తగ్గుదల జబ్బుది, నాది కాదు. నా కొలత అదే. లోపల దూది పెట్టు."

జాకెట్టయితే రోజూ తొడుక్కోవాలి, ఒంటి మాట వినక తప్పదు. కవచం దగ్గర మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. పాత దిండు ఒకటి విప్పి, ఆ దూదితో మెత్తలు కుట్టి కవచం లోపల అంటించాను. ఏ మెత్త ఎక్కడో ఆవిడే చెప్పింది. ఇత్తడి రంగు మావయ్య వేశాడు. ఉప్పుగాలికి కాగితం మెత్తబడకుండా రోజూ మేడ మీద ఎండబెట్టి, మబ్బు పడితే పరుగెత్తుకెళ్ళి తెచ్చేవాడు.

దసరాకి కాలనీ పందిట్లో పిల్లలకి వేషాల పోటీ పెడతారు. బుల్లి కృష్ణుళ్ళ, పోలీసుల మధ్య మా అత్త ప్లాస్టిక్ కుర్చీలో కవచంతో కూర్చుంది. తన వంతు వచ్చాక మావయ్య చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కింది. మైకు పట్టుకున్న కుర్రాడు ఏ రాణి వేషమండీ అని అడిగాడు.

"ఏ రాణీ కాదు బాబూ. గాజువాక లేడీస్ టైలర్ని" అంది.

పందిరంతా నవ్వింది. ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది. నేను కింద నుంచి పక్క తాళ్ళ వంకే చూస్తున్నాను. ఒక్కటీ తెగలేదు.

ఆ తరవాత ఆవిడ ఎక్కువ కాలం లేదు. పోయిన నాలుగైదు రోజులకి వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ ఆది జాకెట్ల కోసం వచ్చారు. దేని మీదా పేరు లేదు. ఏది ఎవరిదో అత్తకే తెలుసు. మావయ్య అన్నిటినీ మంచం మీద పరిస్తే, ఎవరిది వాళ్ళు వెతుక్కుని తీసుకున్నారు. ఒక పెద్దావిడ తన జాకెట్టు కళ్ళకి ఒత్తుకుని, "నా ఒళ్ళు ఎరిగిన మనిషి ఎల్లిపోనాది" అని అక్కడే కూలబడింది.

పెద్దకర్మకి ఫోటో ముందు కొత్త బట్టలు పెట్టాలి కదా. చీరతో పాటు జాకెట్టు గుడ్డ పెడితే చాలని చుట్టాలు అన్నారు. మావయ్య ఒప్పుకోలేదు, టైలరింట్లో కుట్టని గుడ్డ పెట్టకూడదన్నాడు. సరే, కొలత ఏదీ? ఊరందరి ఆదులూ దాచిన మనిషికి తన ఆది లేదు. ఇంట్లో మిగిలినవి పక్కలు కత్తిరించేసిన ఆ చిన్న జాకెట్లే. వాటిలో ఒకటి తీసి నాకివ్వబోయి, మావయ్య మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "ఇది మీ అత్త కాదమ్మా" అన్నాడు.

నేను బీరువా మీద నుంచి కవచం దించాను. మెత్తలు ఊడదీసి పక్కన పెట్టి, చుట్టూ టేపు వేశాను. ఒకప్పుడు జాకెట్టు నుంచి కవచానికి కొలత తీశాం, ఇప్పుడు కవచం నుంచి జాకెట్టుకి తీస్తున్నాను. కాగితానికని వదిలిన సందు తీసేస్తే మిగిలేది మా అత్తే. ఆవిడ మిషను ముందే కూర్చుని, ఆవిడ దగ్గర నేర్చుకున్నట్టే కుట్టాను. జాకెట్టు చేతులు కొంచెం ఎగుడుదిగుడుగా వచ్చాయి, ఆవిడైతే విప్పించి మళ్ళీ కుట్టించేది.

కుట్టడం అయ్యాక మావయ్యకి ఇచ్చాను. ఆయన దాన్ని తిరగేశాడు. ఇక నిండేదీ తగ్గేదీ లేని మనిషికి, పక్క కుట్లలో రెండు వైపులా గుడ్డ వదిలి ఉంది. దాన్ని బొటనవేలితో పైనుంచి కిందికి ఒకసారి నిమిరి, మళ్ళీ మంచివైపుకి తిప్పి, మడత పెట్టి ఫోటో ముందు పెట్టాడు.