మూడు రోజులు స్నానం బంద్

1977 జూన్‌లో నన్ను ములుగు వైపు ఒక ఊళ్లో బాలికల హాస్టల్‌కు వార్డెన్‌గా వేశారు. ఊరి పేరు అక్కర్లేదు. అక్కడివాళ్లు చదివితే వాళ్లే గుర్తుపడతారు. నేను హన్మకొండలో పుట్టి పెరిగినదాన్ని. ఆర్డరు చేతికి రాగానే మా అమ్మ అడవిలోకి పంపిస్తున్నట్టు ఏడ్చింది. నాకు మాత్రం సంతోషంగానే ఉంది. సొంతంగా ఒక చోటు, నా మాట వినే మనుషులు, పైగా గవర్నమెంటు ఉద్యోగం. ఇంకేం కావాలి?

వార్డెన్ అంటే బెత్తం పట్టుకుని తిరిగే మనిషి అని చాలామంది అనుకుంటారు. బెత్తం పట్టుకునే తీరిక ఎక్కడిది! మా పనిలో సగం బియ్యంతో, మిగతా సగం నీళ్లతో గడిచిపోతుంది. నాకు పైన వరంగల్‌లో కూర్చునే జిల్లా అధికారి. కింద కొమురమ్మ అనే వంట మనిషి, ఒక కావలి మనిషి. అరవై మంది దాకా పిల్లలు, ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు. వాళ్లందరికీ ఒకటే బావి. దాని పక్కన నీళ్లు నింపే సిమెంటు హౌజు, హౌజు చుట్టూ తడకలు. అదే మా స్నానాల గది.

పిల్లలకు ఎన్నిసార్లు స్నానం చేయించాలన్న విషయంలో ఒక్కో ఇంటికి ఒక్కో చట్టం ఉంటుందని నేను అక్కడే తెలుసుకున్నాను. మా ఇంట్లో శనివారం సాయంత్రం కుంకుడుకాయలతో తలస్నానం తప్పనిసరి, ఆదివారం చర్చికి పోవాలి కనుక. కూలి పనులకు పోయే ఇళ్ల పిల్లలు పొద్దున ముఖం కడుక్కుని ఊరుకునేవారు. సాయంత్రం అమ్మానాన్నలు పొలం నుంచి వచ్చి నీళ్లు కాగబెట్టినప్పుడే స్నానం. స్నానం కానిదే రాత్రి బువ్వ ముట్టరు. చలికాలం పొద్దున నీళ్లు పోస్తే పిల్లలకు సర్ది అవుతుందని కొందరి నమ్మకం. హాస్టల్ రూలు మాత్రం రోజూ పొద్దున, బడికి ముందు, ఒక స్నానం. రూలు రాసినవాళ్లు డిసెంబర్‌లో ములుగు చలి చూసి ఉండరు.

ఆ డిసెంబర్‌లోనే గజ్జి మొదలైంది. ముందు వేళ్ల సందుల్లో, తర్వాత మణికట్టు మీద, నడుము చుట్టూ. పగలు ఎలాగో ఓర్చుకునేవారు. పడుకోగానే గోకుడు. తనిఖీకి వచ్చిన అధికారి ఇదంతా చూసి, పిల్లలు సరిగా స్నానం చేయడం లేదని తేల్చి, పూటకొకటి చొప్పున రోజుకు రెండు స్నానాలని చెప్పి జీపెక్కారు. చేయించాం. కొమురమ్మ చేతులు పడిపోయాయి, బావిలో నీళ్లు దిగిపోయాయి, సబ్బులు నీళ్లలా కరిగిపోయాయి. పిల్లలు శుభ్రంగా తయారయ్యారు, శుభ్రంగా గోక్కున్నారు. గజ్జి మాత్రం ఇంకో పదిమందికి అంటింది.

అందరిలోకీ సరోజన పరిస్థితి కష్టంగా ఉండేది. ఏడో తరగతి. ఆ రోజుల్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది, అది దాటితేనే పై చదువు. వాళ్ల ఊరి నుంచి అంతవరకు వచ్చిన ఆడపిల్ల అదొక్కతే. వేళ్లన్నీ పుండ్లు పడి కలం పట్టుకోలేకపోయేది. బడిలో పక్కన ఎవరూ కూర్చోవడం లేదని ఒకరోజు నాతో చెప్పింది. ఏడవకుండా చెప్పింది, అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. మర్నాడే దాన్ని బస్సెక్కించుకుని ములుగు దవాఖానకు పోయాను.

అక్కడి డాక్టరమ్మ సరోజన చేతులు చూసి, స్నానం గురించి ఒక్క మాటా అడగలేదు. రాత్రి ఎలా పడుకుంటారని అడిగింది. చలికి ఇద్దరేసి ఒకే దుప్పట్లో అని చెప్పాను. తువ్వాలలు? అవీ ఇద్దరికొకటి, తొందరలో ఎవరి చేతికి ఏది దొరికితే అది. డాక్టరమ్మ నవ్వింది. కంటికి కనిపించని పురుగు ఒకటి చర్మం కింద దూరి గుడ్లు పెడుతుందట. నీళ్లు పోస్తే అది కొట్టుకుపోదు, రోజుకు రెండుసార్లు పోసినా సరే. స్నానం తర్వాత ఆ తడి తువ్వాలతో ఇంకొకరికి అంటించడమే అవుతుంది.

మందు తెల్లగా, పాలలా ఉండే నూనె. పద్ధతి ఇది. మొదటి రోజు వేడినీళ్లతో ఒళ్లు రుద్ది స్నానం, తర్వాత మెడ నుంచి అరికాలి దాకా మందు. రెండో రోజు, మూడో రోజు స్నానం లేకుండా దాని మీదే మళ్లీ మందు. నాలుగో రోజు పొద్దున స్నానం. దురద ఉన్నవాళ్లు, లేనివాళ్లు, వంట మనిషితో సహా అందరూ ఒకే రోజు మొదలుపెట్టాలి. బట్టలు, దుప్పట్లు అన్నీ ఉడకబెట్టి ఎండలో వేయాలి. నడుమ ఒక్కరు ఒంటి మీద నీళ్లు పోసుకున్నా పని మళ్లీ మొదటికి వస్తుందని, కాళ్లో చేతులో కడుక్కుంటే అక్కడ మళ్లీ మందు రాయాలని రెండుసార్లు చెప్పింది. దురద ఆ వెంటనే పోదని, కొన్నాళ్లు ఉండి నెమ్మదిగా తగ్గుతుందని కూడా చెప్పింది. మందు సీసాలు గంపలో పెట్టుకుని తిరిగి వచ్చాను.

మందు పూసే రోజు పొద్దున్నే సరోజన తండ్రి సమ్మయ్య దిగాడు. కూలి మనిషి. నెలకోసారి బిడ్డను చూడ్డానికి వచ్చి, వరండాలో బిడ్డ దుప్పటే కప్పుకుని పడుకుని, తెల్లారి పోయేవాడు. ఈసారి వస్తూనే సరోజన రేకుపెట్టె తెచ్చి తన పక్కన పెట్టుకున్నాడు. అంగట్లో ఎవరో చెప్పారట, బిడ్డ చేతులు కుళ్లిపోతున్నాయని.

“తీస్కపోత మేడం. తానాలు సక్కగ చేపిస్తె గిట్లయితదా? ఇంటికాడ వాళ్లవ్వ రోజు మాపటికి నీళ్లు పోస్తది. పరీచ్చ పోతె పాయె, చేతులన్న దక్కుతయి.”

ఉన్నమాట చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. రోజుకు రెండు స్నానాలు చేయించి నా నడుము పడిపోయింది, ఈయనేమో నీళ్లే పోయలేదంటాడు! కానీ కోపం కంటే భయమే ఎక్కువ. నడి ఏడాదిలో పెట్టె సర్దుకుని పోయిన పిల్ల మళ్లీ హాస్టల్ గడప తొక్కడం నేను చూడలేదు. చేతులు మానేసరికి మిరపకాయలు ఏరే రోజులు వస్తాయి. ఆ పైన చదువు ఇక అంతే. తలుపు వెనక నిలబడ్డ సరోజన, “నేను పోను బాపూ” అన్నది. మెల్లగానే అన్నది కానీ అందరికీ వినబడింది.

సమ్మయ్య తల వంచుకుని మణికట్టు గోక్కున్నాడు. అక్కడి పొక్కులు నాకు అప్పుడు కనబడ్డాయి. అదేంటని అడిగాను.

“గిదా? దోమలు కుట్టినయ్.”

“గింత చలిల దోమలెక్కడియి సమ్మయ్యా? ఇంటికాడ నీ చిన్న కొడుకుకు సుత కుట్టినయా?”

ఆయన చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. కుట్టాయన్నమాట. నేను డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. ఇప్పుడు తీసుకుపోతే బిడ్డతో పాటు పురుగు కూడా ఇంటికి వస్తుంది, ఎన్ని నీళ్లు పోసినా పోదు. నువ్వూ మూడు రోజులు ఇక్కడే ఉండి మందు పూయించుకో, పోయేటప్పుడు ఇంట్లోవాళ్లకూ సీసా ఇస్తానన్నాను. వరికోతలు అయిపోయి పని పలచగా ఉన్న రోజులు. బిడ్డ వైపు చూసి, “మూడొద్దులు జూస్త. గుణం రాకుంటె తీస్కపోత, నువ్వు అడ్డం రావద్దు” అన్నాడు. పెట్టె మాత్రం పక్కనుంచి కదల్చలేదు.

ఉన్నందుకు ఆయనకు పని దొరికింది. బావి నుంచి నీళ్లు తోడింది, గంగాళాల కింద కట్టెలు ఎగదోసింది ఆయనే. అందరి స్నానాలూ అయ్యాక మందు మొదలుపెట్టాం. పుండ్ల మీద పడగానే, “మండుతాంది అవ్వా, మండుతాంది” అని ఒకటే గోల. దురదే లేని నాకెందుకని కొమురమ్మ వంటింట్లో దాక్కుంది. పిల్లలు పోయి చేతులు పట్టుకుని ఈడ్చుకొచ్చారు, నేనే పూశాను. సమ్మయ్యకు కావలి మనిషి పూశాడు. నాకు కొమురమ్మ పూసింది, కసి తీరా.

చిక్కు సాయంత్రం వచ్చింది. బువ్వకు గంట కొడితే సగం మంది పిల్లలు లేవలేదు. అధికారి పెట్టిన రెండో స్నానంతో వాళ్లకు ఇంటి అలవాటే తిరిగొచ్చింది, మాపటి స్నానం కానిదే తినరు. అటు వరండాలో సమ్మయ్య పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

“పుట్టి బుద్దెరిగినసంది నీళ్లు పోసుకోకుంట మాపటి బువ్వ తినలె మేడం. నోట్లెకు పోతలేదు.”

ఒకరిద్దరు పిల్లల చూపు బావి మీదే ఉంది. చీకటి పడ్డాక ఎవరో ఒకరు చాటుగా రెండు చెంబులు కుమ్మరించుకుంటే అందరి కష్టం బూడిద పాలవుతుంది. నేను అరవబోతున్నాను. ఆలోపే సరోజన చెంబు పట్టుకుని తండ్రి దగ్గరకు పోయి, “కాళ్ల మీద పోస్త, ఇగ తానమైందనుకో. తిన్నంక కాళ్లకు మళ్ల మందు రాస్త” అన్నది. దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది నా పక్కన కూర్చుని విన్నది కదా. ఆయన బిడ్డ ముఖం చూసి కాళ్లు చాపాడు. పోసింది. పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. అది చూసి పిల్లలందరూ కాళ్లు చేతులు కడుక్కుని తిన్నారు. తర్వాత కాళ్లకు, చేతులకు మళ్లీ మందు రాశాం. ఆ పూట నాకు కడుపు నిండింది, పప్పు మాడినా సరే.

రెండో రోజు మధ్యాహ్నం అధికారి జీపు వచ్చింది. రెండు స్నానాల ఆజ్ఞ అమలవుతోందో లేదో చూడ్డానికి. హాస్టల్ అంతా మందు వాసన. తీగల మీద దుప్పట్లు. తెల్ల మరకలతో, చమురోడుతున్న చేతులతో పిల్లలు. ఆయన చేతి రుమాలు ముక్కుకు పెట్టుకుని, మీరు స్నానం ఎప్పుడు చేశారని పిల్లల్ని అడిగారు.

“నిన్న పొద్దుగాల సార్!” అని అందరూ ఒకే గొంతుతో, పద్యం అప్పజెప్పినట్టు అన్నారు. “ఇయ్యాల చెయ్యం సార్, రేపు సుత చెయ్యం!”

ఆయన ముఖం ఎర్రబడింది. నాకు మెమో ఇస్తానన్నారు. మెమో అంటే మా ఉద్యోగంలో, చేసిన తప్పుకు రాతపూర్వకంగా సంజాయిషీ అడగడం. ఆ కాగితం ఒకటి ఫైలులో పడితే ప్రమోషన్ దాకా వెంటాడుతుంది. నేను డాక్టరమ్మ మాట చెప్పబోతుంటే వినిపించుకోకుండా లోపలికి అడుగు వేశారు. అంతలో సమ్మయ్య పెట్టె మీది నుంచి లేచాడు. చొక్కా లేదు, ఒళ్లంతా మందు.

“సారూ, జర ఆగున్రి. లోపటికి వస్తె మీకు సుత మెడకెల్లి కాళ్లదాక పూస్తది మేడం. మూడొద్దులు తానం బంద్. ఎవలనూ ఇడుస్తలేదు, కొమురమ్మను సుత ఇడువలె.”

బిడ్డను తీసుకుపోవడానికి వచ్చిన మనిషి ఈ మాట అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. కొమురమ్మ కిసుక్కున నవ్వింది. అధికారి ఆగారు. ఆయన చెడ్డ మనిషి కాదు, మాట వినడానికి కొంచెం సమయం పట్టే మనిషి. గేటు దగ్గరే నిలబడి నేను చెప్పింది విన్నారు, డాక్టరునే అడుగుతానని జీపును ములుగుకు తిప్పించారు. మెమో రాలేదు. సంక్రాంతి సెలవులు అయ్యేలోపు మాకు కొత్త దుప్పట్లు, తువ్వాలలు వచ్చాయి, మనిషికి ఒక్కొక్కటి.

నాలుగో రోజు పొద్దున స్నానాలు. ఆ సంబరం ఏం చెప్పను! తడకల లోపల ఒకటే కేకలు, నవ్వులు. సమ్మయ్య బావి వెనక చేరి గంగాళం సగం తానే ఖాళీ చేశాడు. తల తుడుచుకుంటూ వచ్చి వరండాలో కూర్చుని బిడ్డను పిలిచి, రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాడు. పుండ్లు ఎండుతున్నాయి, కొత్తవి లేవలేదు.

“రాత్రి గోక్కున్నవా బిడ్డా?”

“జరంత. నిద్ర పట్టింది బాపూ.”

ఆయన లేచి రేకుపెట్టె భుజానికి ఎత్తుకున్నాడు.  అడ్డం రావద్దని ముందే అన్నాడు కదా, పక్కకు జరిగి దారి ఇచ్చాను. సరోజన నా కొంగు పట్టుకుంది. ఆయన గేటు వైపు పోలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి పోయి, పెట్టె దించి, మూత తీసి, లోపలి లంగాలు, జాకెట్లు ఒక్కొక్కటే మరిగే నీళ్లలో వేయడం మొదలుపెట్టాడు.

“మూడొద్దులు పెట్టె నా పక్కనె ఉండె, ఈ బట్టలు ఉడకబెట్టుడు అందరు మరిసిన్రు మేడం. మళ్ల మొదటికొస్తె పరీచ్చెట్ల రాస్తది?”

బట్టలు ఆరేదాకా ఉండి, పెట్టె తిరిగి సర్ది, సరోజన మంచం కిందికి తోసి, ఇంటికి మందు సీసా పట్టుకుని మధ్యాహ్నం బస్సుకు పోయాడు. సరోజన ఆ ఏడాది పరీక్ష రాసింది, పాసయింది, పదో తరగతి దాకా మా హాస్టల్‌లోనే ఉన్నది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకా మూడు హాస్టళ్లలో పనిచేశాను. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ పిల్లలకు రోజుకు ఎన్ని స్నానాలని అడిగారు. ఒకటని చెప్పేదాన్ని. చలి ఎక్కువైనా, బావి ఎండినా రోజు విడిచి రోజు చేయించేదాన్ని, దానివల్ల ఏ పిల్లకూ ఏమీ కాలేదు. కొత్త పిల్ల చేరినప్పుడు మాత్రం స్నానం మాట ఎత్తేదాన్ని కాదు. నీ తువ్వాల ఏది, నీ దుప్పటి ఏది అని అడిగేదాన్ని. రెండూ చూపించాకే పెట్టె లోపల పెట్టనిచ్చేదాన్ని.