క్యారమ్ బోర్డుకు కుదిరిన కన్ను

2012 వానాకాలంలో నేను రాయపూర్ శంకర్ నగర్‌లోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో సీనియర్ సర్జన్‌గా చేరాను. అంతకుముందు ఉద్యోగమంతా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే గడిచింది. అక్కడ శుక్లం తీసి లెన్స్ పెట్టేవాళ్లం, మర్నాడు కట్టు విప్పి గోడమీది చార్టు చదివించేవాళ్లం, అక్షరాలు గడగడా చదివితే అందరం సంతోషించేవాళ్లం. ప్రైవేటులో వీటికి ముందు ఇంకో మెట్టు ఉంది. దాని పేరు కౌన్సెలింగ్. చీరల కొట్లోలాగా పేషెంటును కూర్చోబెట్టి రకాలు చూపించి, ఏది కావాలో అడగాలి. నాకు అది మొదట్లో బొత్తిగా నచ్చలేదు.

రకాల సంగతి కొంచెం చెప్పాలి. పుట్టుకతో మన కంట్లో ఉండే లెన్స్ వయసులో ఉన్నంతకాలం దూరానికీ దగ్గరికీ తనంతట తానే సర్దుకుంటుంది. మేం పెట్టే లెన్స్‌కు ఆ విద్య రాదు. మోనోఫోకల్ అనే మామూలు రకం ఒక్క దూరానికే స్పష్టంగా చూపిస్తుంది. ఆ దూరం ఏదో ఆపరేషన్‌కు ముందే సర్జన్ తేల్చుకోవాలి. కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి దానికి తగ్గ లెన్స్ పవర్ లెక్కకట్టడాన్ని బయోమెట్రీ అంటారు. దాదాపు అందరికీ మేం దూరపు చూపుకే గురిపెట్టి, చదవడానికి కళ్లద్దాలు రాసిస్తాం. ఖరీదైన మల్టీఫోకల్ రకం వెలుతురును దూరానికీ దగ్గరికీ పంచుతుంది. కళ్లద్దాల బెడద చాలావరకు తప్పుతుంది. కాకపోతే పంచిన వెలుతురులో తెలుపు నలుపుల తేడా కొంత పలచబడుతుంది, దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి.

చేరిన కొత్తల్లోనే అప్పలనాయుడుగారు వచ్చారు. గూడ్స్ గార్డుగా రిటైరైన మనిషి. తాత విజయనగరం నుంచి రైలు పని కోసం ఇటు వచ్చాడట, మూడు తరాలుగా రాయపూరే ఊరు. పక్కన భార్య పైడితల్లమ్మగారు, ధర్సీవా దగ్గర స్టీలు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసే అల్లుడు. రెండు కళ్లలోనూ శుక్లం ఉంది, కుడి కన్ను బాగా ముదిరింది. అల్లుడు బ్రోషరు చివరి పేజీ తెరిచి, మామగారికి ఇదే పెట్టాలని వేలు పెట్టి చూపించాడు. అన్నిటికన్నా ఖరీదైన మల్టీఫోకల్.

నాయుడుగారు ఆ బ్రోషరు మూసేశారు. "డాక్టరమ్మా, నాకు దూరమొద్దు, దగ్గరొద్దు. బోర్డు సాఫ్‌గా కనపడాల, బస్, అంతే."

బోర్డంటే క్యారమ్ బోర్డు. రైల్వే కాలనీ తెలుగు సంఘం హాల్లో ఆయన ఏళ్ల తరబడి ఛాంపియన్. శుక్లం వచ్చాక తెల్ల కాయినేదో బోర్డు మీది పౌడరేదో తెలియకుండా పోయింది. కిందటేడు వినాయక చవితి పోటీల్లో ఎదుటివాడి కాయిన్లు శ్రద్ధగా ఒకటొకటే పాకెట్లో వేసి, తనే గెలిచానని లేచి నిలబడ్డారట. ఆ తర్వాత స్నేహితులు గౌరవంగానే ఆయన్ని పక్కన కూర్చోబెట్టి పౌడరు డబ్బా చేతికిచ్చారు. "ఆడేవోడికి పౌడరు డబ్బా ఇయ్యడమంటే ఏటో మీకు తెల్దు" అన్నారు. నాకు జాలేసింది.

బోర్డుకూ కంటికీ మధ్య ఎంత దూరముంటుందో ఇంట్లో టేపుతో కొలిపించుకు రమ్మన్నాను. రెండు రోజులకు ఆయన బోర్డునే ఆటోకు అడ్డంగా పెట్టుకుని వచ్చేశారు. దాన్ని ఓపీడీ మధ్యలో రెండు స్టూళ్ల మీద నిలిపాం. మా దగ్గర చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు సాహు టేపు పట్టుకుని, ఆయన కంటి నుంచి ఇటు కాయిన్‌కు, నడి వృత్తానికి, ఎదుటి పాకెట్‌కు కొలిచాడు. ఈలోగా కంట్లో చుక్కలు వేయించుకుని మసకచూపుతో కూర్చున్న పేషెంట్లు నలుగురు చుట్టూ చేరి, ఎవరికీ ఏమీ కనిపించకుండానే ఒక ఆట మొదలుపెట్టారు. స్ట్రైకర్ వెళ్లి మందుల కౌంటర్ కింద దూరింది. మెడికల్ డైరెక్టరుగారు ఏం గొడవని బయటికొచ్చారు. నేను ముఖం సీరియస్‌గా పెట్టి బయోమెట్రీ జరుగుతోందన్నాను. సాహు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

కొలతలు చూశాక నాకు సంగతి తేటపడింది. దూరానికి గురిపెట్టిన లెన్స్‌తో బోర్డు మసక. దగ్గరి అద్దాలు పుస్తకం దూరానికి సరిపోతాయి గానీ ఎదుటి పాకెట్ అందదు. పైగా వంగి గురిచూస్తుంటే అద్దాలు జారతాయి, చెమట పడుతుంది. మల్టీఫోకల్ అయితే దూరానికీ దగ్గరికీ మధ్య సరిగ్గా బోర్డుండే చోటే వీక్. పైగా ఆ హాల్లో బోర్డు మీదికి బల్బు దించి వేలాడదీస్తారు. అల్లుడికి అదే చెప్పాను, ఇంత డబ్బూ పోసి మామగారికి బల్బు చుట్టూ రింగులు లెక్కపెట్టే పని ఇప్పిస్తావా అని. అతను బ్రోషరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మామూలు లెన్సే, మైనస్ ఒకటింపావుకు గురిపెడదామని నిర్ణయించాను. అంటే కంటికి కావాలనే కొంచెం హ్రస్వదృష్టి మిగల్చడం. బోర్డు నడుమ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఆ చివరా ఈ చివరా ఆటకు సరిపడా కనిపిస్తుంది. రోడ్డుకూ టీవీకీ మాత్రం అద్దాలు తప్పవు. ఈ మాట ఆయనకు తెలుగులోనూ హిందీలోనూ చెప్పాను. మంజూర్ అన్నారు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. మర్నాడు కట్టు విప్పి అలవాటు ప్రకారం చార్టు ముందు కూర్చోబెడితే ఆయన పైన మూడు వరుసలు చదివి ఆగిపోయారు. పక్క కుర్చీలో ఉన్న ఇంకో పేషెంటు చివరి వరుసదాకా రైలులా లాగించాడు. పైడితల్లమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అల్లుడు ఆపరేషన్ ఫెయిలైందని ఎవరికో ఫోన్ చేసేస్తున్నాడు. నేను నాయుడుగారి కంటిముందు దూరపు చూపుకు ఒక మైనస్ అద్దం నిలిపాను. చివరి వరుస కూడా వచ్చేసింది. అద్దం తీసి, ట్రేలో తెల్లవీ నల్లవీ కాయిన్లు పరిచి బోర్డంత దూరంలో పెట్టాను. ఆయన ఒక్కో కాయిన్‌నూ వరసగా చూసుకుంటూ పోయారు. తర్వాత, "ఈ తెల్లదాని అంచు సిట్లింది. ఇది మార్చీండి" అన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పౌడరు కంట్లో పడకూడదని నెలపాటు బోర్డు దగ్గరికే వెళ్లొద్దన్నాను. ఆ నెలంతా ఆయన ఇంట్లో తెచ్చుకున్న కోపాలను పైడితల్లమ్మగారు నాకు ఫోనులో వినిపించేవారు.

చవితి పోటీలకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. నాయుడుగారు అద్దాలు జేబులో పెట్టుకుని ఫైనల్‌కు వచ్చేశారు. ఎదురుగా దేవాంగన్‌జీ, బుకింగ్ క్లర్కుగా రిటైరైన ఛత్తీస్‌గఢీ మనిషి, నాయుడుగారు ఆట మాని పక్కన కూర్చున్నాక ఛాంపియనైన ఆయన. అంపైర్‌గా కాలనీ పెద్ద కోటేశ్వరరావుగారు. ఆట మొదలైన కాసేపటికే నాయుడుగారు ఫౌలని అరిచారు. స్ట్రైకర్‌ను గీత చివరి ఎర్ర వృత్తం మీద పెడితే దాన్ని పూర్తిగా కప్పాలి, లేదా తాకకుండా ఉండాలి. దేవాంగన్‌జీ స్ట్రైకర్ వృత్తాన్ని సగానికి కోస్తోంది. కోటేశ్వరరావుగారు ముక్కు బోర్డుకు ఆనేదాకా వంగి చూసి ఫౌల్ కాదన్నారు. మరో రెండుసార్లు అదే అరుపు, అదే తీర్పు. "నాను పక్కన కూకున్నాక ఇలగే గెలిసీసినావేటి?" అని నాయుడుగారు లేచి నిలబడ్డారు. హాలంతా రెండు జట్లైపోయింది.

దేవాంగన్‌జీ రెండు చేతులూ ఎత్తేశారు. "మోలా నై దిఖత్ హే, భాయ్" అన్నారు. నాకు కనబడటం లేదని. మోసం కాదు, ఆయనకూ శుక్లమే. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ పెన్ టార్చి ఉంటుంది. ఆయన కంట్లో వేశాను, ముదిరిపోయి ఉంది. అంపైర్‌గారి కంట్లో వేస్తే అంతకన్నా ఘోరం. తర్వాత హాల్లో పెద్దవాళ్లంతా నా ముందు వరుసకట్టారు. కాలనీ వెటరన్స్ పోటీ ఇన్నేళ్లుగా శుక్లాల మధ్యే నడుస్తోందని తేలింది. నేను ముఖ్య అతిథినన్న మాట మరిచిపోయి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను.

కప్పు నాయుడుగారికి ఇచ్చేద్దామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "ఆడికి కన్ను రానీండి. కనపడనోడి మీద గెలిస్తే ఏటి మజా?" ఫైనల్ దీపావళి తర్వాతకు వాయిదా పడింది. పౌడరు డబ్బా మాత్రం ఆరోజే ఆయన చేతిలోంచి అంపైర్‌గారి చేతికి మారింది.

దేవాంగన్‌జీకీ అదే లెన్స్, అదే గురి పెట్టాను. దీపావళి తర్వాత ఫైనల్లో నాయుడుగారు చిత్తుగా ఓడిపోయారు. మర్నాడు పొద్దున్నే ఓపీడీలో ప్రత్యక్షమై, ఆడికి నాకన్నా మంచి లెన్స్ ఎట్టీసినారని నామీద విరుచుకుపడ్డారు. ఇద్దరికీ ఒకే కంపెనీ, ఒకే రకం అని సాహు చేత కూడా చెప్పించాను. ఆయన చాలాసేపు తన చూపుడువేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత రెండో కంటికి తేదీ ఇమ్మని కూర్చున్నారు.

గోడమీది చార్టు ఆరు మీటర్ల దూరంలో చూపును కొలుస్తుంది, అంతే. పేషెంటుకు కావలసిన చూపు ఏ దూరంలో ఉందో ఆయన్ని అడిగితేగాని తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా బయోమెట్రీకి పంపేముందు, రోజులో ఎక్కువసేపు ఏం చూస్తారని అడగకుండా ఎవరికీ లెన్స్ రాయలేదు. క్యారమ్స్ అని చెప్పినవాళ్లకు మాత్రం, కాయిన్ కనబడటం వరకే నా పూచీ అని ముందే చెప్పేదాన్ని.